లావు తీగ

బేస్ గిటార్ తీగల తుప్పు వాసన వేళ్లకంటితే నాకిప్పటికీ కోపం రేగుతుంది.

తొమ్మిదో తరగతిలో, నస్పూర్ గని కార్మికుల క్వార్టర్‌లో బేస్ గిటార్ మీద బ్లూస్ సంగీతం నేర్చుకునేదాన్ని. మూడే కార్డ్స్, అంటే మూడు స్వరాల గుత్తులు, తిరిగి తిరిగి మొదటిదానికే రావాలి. ఆ రోజు లావు తీగ మోతకు గోడ అదిరింది. రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్న బాపు ఉలిక్కిపడి లేచి, నా రెక్క పట్టుకుని వాకిట్లోకి ఈడ్చాడు.

“బంద్ చెయ్ గా మోత!”

“నేను వాయిస్తే నీకెందుకు గింత మంట?” అని అరిచాను. ఆయన ఇంటి కప్పు వైపే చూశాడు.

బాపు పోయాక, ఆయనతో బొగ్గుబాయిలో పనిచేసిన దోస్తు చెప్పాడు: “బాయిల పైకప్పు కూలే ముందు గట్లనే మోగుతది బిడ్డా. ఓసారి మీ బాపు బయటికి ఉరికిండు. పక్కోడు ఉరకలేకపోయిండు.”

గిటార్‌ని ముట్టకుండా బాపు నన్నే ఎందుకు ఈడ్చాడో అప్పుడర్థమైంది. కోపం మాత్రం పోలేదు. ఒక్కసారి చెప్తే ఏం పోయేది బాపూ?