సేలియా దొరసాని

మొన్న పేపర్లో రష్యా నుంచి విడిపోయిన మూడు చిన్న దేశాల పేర్లు వేశారు. మా కోడలు పైకి చదువుతూ, "ఇవేవో కొత్త దేశాలంట అత్తా" అంది. అందులో లాత్వియా ఒకటి. అది కొత్తది కాదని చెప్పబోయి ఊరుకున్నాను. చెప్పవలసిన రోజున చెప్పలేదు. యాభై ఏళ్ళు గడిచాక వంటింట్లో కోడలికి చెప్పి ఏం లాభం?

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. చిత్తూరులో ఒక మిషన్ బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బడి పక్కనే మిషన్ ఆసుపత్రి, అందులో ఒక నర్సు దొరసాని. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది, ఎండకు ముక్కు ఎప్పుడూ కందిపోయి ఉండేది. ఆమెకు తెలుగు నేర్పే పని నాకు అప్పగించారు. సాయంత్రాలు ఆమె ఇంటి వరండాలో కూర్చునేవాళ్ళం. నాకు వచ్చిన తెలుగే కదా ఆమెకు వచ్చేది! "నొప్పి యాడుండాది?" అని ఆమె అడిగితే రోగులు నొప్పి మరచిపోయి నవ్వేవారు. నన్ను మాత్రం "టీచరమ్మా" అని ఎంతో మర్యాదగా పిలిచేది.

ఒకరోజు ఆమె, సత్యవేడు నుంచి వచ్చే రోగుల తెలుగులో అంత అరవం ఎందుకు కలుస్తుందని అడిగింది. మా సీమ అంతే, పది కోసులకొక యాస అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. తమ లాత్వియా దేశమూ అంతేనంటూ లోపలికి వెళ్ళి పనిమనిషి దగ్గర ముగ్గుపిండి తెచ్చి వరండాలో గీయడం మొదలుపెట్టింది. పడమటన సముద్రం, దాని ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ కుర్జెమె. దాని పక్కన గోధుమ చేల జెమ్‌గలె. పెద్ద నదికి ఉత్తరాన విద్జెమె. తూర్పున చెరువుల లాత్‌గలె, అక్కడివాళ్ళ మాట మిగతావాళ్ళకు సగమే అర్థమవుతుందట. చివర నదికి దక్షిణంగా, అడవుల మధ్య అరచేయంత చోటు గీసి, దాని మీద వేలు పెట్టి, "సేలియా. నాది ఈడ" అంది. తమ దేశస్థులే చాలామంది ప్రాంతాలను నాలుగనే లెక్కపెడతారట, సేలియాను మరచిపోతారట. ఆ మాట నవ్వుతూనే చెప్పింది. ఆ నేలంతా ఏడు వందల ఏళ్ళు జర్మన్ జమీందార్ల కింద ఉందని, వాళ్ళ భాష నేర్చుకోకపోతే చదువే ఉండేది కాదని, తన తాత వాళ్ళ కొరడా దెబ్బలు తిన్నాడని కూడా చెప్పింది. మర్నాడు పొద్దున పనిమనిషి ఇంటి ముందూ, ఆమె చెల్లెలి ఇంటి ముందూ అదే ముగ్గు. చుక్కలు లేని దొరసాని ముగ్గని వారం రోజులు మా వీధంతా వేసుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం ముదిరింది. ఇక్కడున్న జర్మనీవాళ్ళను తెల్లదొరల సర్కారు ఏరి క్యాంపులకు పంపుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం పోలీసు ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి, దొరసానికి దగ్గరగా మెలిగేది నేనని తెలిసి పిలిపించాడు. పక్కన హెడ్‌మిస్ట్రెస్ కూర్చుని ఉంది.

"ఆమెది జర్మనీనేనా?"

"లాత్వియా సార్."

"అది యాడుండాది?"

"జర్మనీకి అవతల సార్, సముద్రం పక్కన."

"జర్మన్ బాస చదువుతాదా?"

"చదువుతారు సార్."

రాసుకుని వెళ్ళిపోయాడు. నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. అయిదు ప్రాంతాలూ, జమీందార్లూ, తాత తిన్న దెబ్బలూ నోటి దాకా వచ్చాయి. ఆయన నవ్వుతాడేమోనని, హెడ్‌మిస్ట్రెస్ ముందు ఎక్కువ మాట్లాడితే ఉద్యోగం ఖాయం కాదేమోనని మింగేశాను.

నాలుగు రోజులకు ఆమెను తీసుకుపోవడానికి ఉత్తర్వు వచ్చింది. ఆ సాయంత్రం మా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను జర్మన్ కాదు టీచరమ్మా. నీకు తెలుసు గదా. కలెక్టరుకు నువ్వు రాసియ్యి."

రాసిస్తానన్నాను. నిజంగానే రాశాను, ఇంగ్లీషులో రెండు పేజీలు, సేలియా గురించి కూడా. ఆదివారం ఏర్పేడు నుంచి మా నాయన వచ్చాడు. కాగితం చూపిస్తే చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "పోలీసోళ్ళ యవ్వారంలో మన పేరెందుకు పాపా? నీ ఉద్యోగం కానీ, తర్వాత సూద్దాం" అన్నాడు. తప్పంతా ఆయన మీద నెట్టలేను. ఆ మాట కోసమే కాగితం ఆయనకు చూపించానేమో. దాన్ని పెట్టె అడుగున పెట్టాను. నాకు ఉద్యోగం ఖాయమైంది.

యుద్ధం ముగిశాక ఆమె సామాను తీసుకోవడానికి వారం రోజులు చిత్తూరు వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళయి ఒక కూతురు. ఆమె జుట్టంతా నెరిసింది. లాత్వియాను రష్యా కలిపేసుకుంది కనుక వెళ్ళడానికి ఊరు లేదు. ఆస్ట్రేలియాలో ఎవరో ఆసుపత్రిలో పని ఇస్తామన్నారట. క్యాంపులో తనను జర్మన్ ఆడవాళ్ళతో పాటు ఉంచారని, జమీందారు వంశపావిడ ఒకతె అక్కడ కూడా తన చేత గుడ్డలు ఉతికించుకుందని మెల్లగా చెప్పింది. నా కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగింది.

"కలెక్టరుకు రాసినావా?"

"రాసినాను. వినలేదు వాళ్ళు" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. "ఇంతమందిలో నువ్వొక్కదానివన్నా చెప్పినావు" అంది. ఆ నాలుగైదు ఏళ్ళూ ఆ నమ్మకంతోనే గడిపానంది. అప్పుడైనా నిజం చెప్పేయాల్సింది. ఆ నమ్మకం లాగేసుకోవడానికి నోరు రాలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ఆ కళ్ళలో నేను మంచిదాన్నిగా ఉండిపోవాలనుకున్నాను.

ఆస్ట్రేలియా నుంచి ఒక ఉత్తరం వచ్చింది, తెలుగులో, నేను నేర్పిన గుండ్రటి అక్షరాలతో. మీ పాపకు ఎన్ని పళ్ళు వచ్చినాయి అని అడిగింది. చివర చిరునామా రాసింది. జవాబులో అంతా ఒప్పుకోవాలని, అందుకు తీరికగా కూర్చోవాలని ఆగాను. పాపకు పళ్ళు వచ్చాయి, ఊడాయి, మళ్ళీ వచ్చాయి. ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ ఏ రోజు రాసినా ఆలస్యమయ్యేది కాదు. ఏ రోజుతో ఆలస్యమైపోయిందో మాత్రం నాకు తెలియకుండానే దాటిపోయింది.