హులిగెమ్మ చాపిన కాళ్లు

ఎమ్మిగనూరులో మా వీధి పిల్లల్లో సగం మంది హులిగెమ్మ కాళ్ల మీద నీళ్లు పోయించుకున్నవాళ్లే. పెరట్లో బండ మీద కాళ్లు చాపుకుని కూర్చుని, పసిబిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, వేన్నీళ్లు పోసేది. మొగుడూ పిల్లలూ లేని మనిషి. పొద్దున్నే కాళ్ల మీదికొచ్చే ఆ బరువే ఆమెకు సంసారం.

ఆ కాళ్లకే తామర పట్టింది. అంగట్లో ఇచ్చిన ట్యూబు రాస్తే రూపాయి బిళ్లంతది అరచేయంత అయింది. నేనే ఆదోనికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, "ఆరు వారాలు రోజూ అన్నం తిన్నాక వేసుకో. దురద పోయిందని మధ్యలో ఆపొద్దు. నేను చెప్పేదాకా పసిబిడ్డలను ముట్టుకోవద్దు" అంది.

మూడో వారానికి దురద పోయింది. అప్పుడే ఉషకు కాన్పయింది. ఉష కూడా ఈ కాళ్ల మీద పెరిగిందే. నీళ్లు పోయడానికి రమ్మని పిలుపొచ్చింది.

"సీర కింద ఎవురు సూస్తారక్కా? కడుపు సించుకుంటే కాళ్ల మీద పడుతుంది. సెప్పకుండా పోయిరా" అన్నాను నేను.

హులిగెమ్మ వినలేదు. ఉష ఇంటి వాకిట్లోనే నిలబడి, "నాకు తామర ఉంది తల్లీ. ఇంగా మూడు వారాలు ఆగల్ల" అని చెప్పి వచ్చింది.

మరునాటికి వీధంతా తెలిసింది. కొళాయి దగ్గర ఆమె బిందె పక్కన ఎవరూ బిందె పెట్టలేదు. నాకు ఒళ్లు మండింది. "మీ బిడ్డల కోసరమే కదా సెప్పింది, బుద్ధుండల్ల మీకు" అని అందరినీ కడిగేశాను. ఆమె మాత్రం తలుపు దగ్గరేసుకుని ఒక్కతే తిని, రోజూ మాత్ర వేసుకునేది.

మాత్రలైపోయాక డాక్టరమ్మ చూసి, పూర్తిగా నయమైంది, ఇక ఎవరికీ అంటదు అంది. మచ్చ మాత్రం మిగిలింది. బస్సు దిగి హులిగెమ్మ నేరుగా ఉష ఇంటికి పోయింది. ఉష బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది.

"మల్లమ్మ పోస్తాంది కదవ్వా, బిడ్డకు ఆయమ్మే అలవాటైపోయింది."

మర్నాడు పొద్దున హులిగెమ్మ మా పెరట్లోకి వచ్చింది. గూడూరు నుంచి వచ్చిన మా అమ్మాయి సంధ్య బిడ్డ, నాలుగు నెలల పాప, నా చంకలో ఉంది. హులిగెమ్మ బండ మీద కూర్చుని కాళ్లు చాపింది.

"ఈ ఒక్కపూట నేను పోస్తా. ఇయ్యి మే."

నయమైందని చెవులారా విన్నదాన్ని. అయినా నా కళ్లు ఆ మచ్చ మీదికే పోయాయి. ఎంతసేపు, రెప్పపాటు. సిగ్గేసి పాపను అందించబోయాను. అప్పటికే ఆమె చీర కిందికి లాక్కుంది.

"నీళ్లు సల్లారిపోయినాయిలే" అని లేచి పోయింది.

పొయ్యి మీద నీళ్లింకా మరుగుతూనే ఉన్నాయి.