తెగిన పోగు

మనవరాలు చదువుతున్న దయ్యాల బొమ్మల కథలో ఒక పిల్ల నడుముకు తాడు కట్టుకుని రాక్షసుల గుహలోకి దిగుతుంది. పైన అన్న తాడు పట్టుకుని నిలబడతాడు. ఆ బొమ్మ చూడగానే నగరిలోని మా ఇల్లు, గంజి పెట్టిన నూలు వాసన గుర్తుకొచ్చాయి.

అలాంటి కథే ఉన్న అట్టలేని పుస్తకాన్ని నేనూ చెల్లెలు కాంతా ఎన్నోసార్లు చదివాం. అందులో తాడు తెగలేదు కాబట్టి పిల్ల తిరిగి వచ్చింది. నా తొమ్మిదో ఏట కాంతకు జ్వరం ముదిరింది. అమ్మా నాయనా ఆమెను ఎడ్లబండిలో ఆసుపత్రికి తీసుకెళ్లబోతుంటే, మగ్గం దగ్గరి నూలు చుట్టిన కండె తెచ్చి, నూలు కొస ఆమె చేతికి కట్టాను.

"నూలంతా సెడగొడతా ఉండావు గదరా," అంది అవ్వ.

"ఉండనీలేమ్మా," అన్నాడు నాయన. "రెండు దినాల్లో వచ్చేస్తాది గదా."

"అన్నా, ఇడిసిపెట్టగాకు," అంది కాంత.

నా చేతిలో కండె తిరుగుతూనే ఉంది. బండి వీధి మలుపు తిరిగాక పోగు తెగింది. తెగిన పోగును ముడి వేయడం నాయన నాకు నేర్పాడు. రెండో కొస కోసం పరిగెత్తాను. బండి వెళ్లిపోయింది.

మూడో రోజు అమ్మా నాయనా ఇద్దరే తిరిగి వచ్చారు.

ఆ రోజే డైరీ మొదలుపెట్టాను. "పోగు తెగింది. రెండో కొస దొరకలేదు" అని రాశాను. జ్వరానికీ నూలుకూ సంబంధం లేదని తర్వాత తెలిసింది. అయినా ఇన్నేళ్లలో ఆ మాట కొట్టేయలేకపోయాను.