గాలానికి చిక్కిన కమిట్

మా ఆఫీసు భీమవరంలో, రొయ్యల మేత కొట్టు పైన. చెరువులో ఆక్సిజన్ తగ్గితే గాలి మోటార్లు వాటంతటవే తిరిగేలా చూసే ప్రోగ్రాం మాది. కోడ్ మార్చి కమిట్ చేయబోతే, అంటే ఆ మార్పుని ఖాయం చేయబోతే, ముందుగా హుక్ అనే చిన్న ప్రోగ్రాం అడ్డుపడి పరీక్షలు పెడుతుంది. తప్పితే కమిట్ కానివ్వదు. హుక్ అంటే గాలమేగా. ఊరంతా చేపలు పడుతుంటే, మా గాలానికి నేను పడుతుండేవాణ్ణి.

ఆ ముసురు రోజు మధ్యాహ్నం ఒక రైతు మెట్లెక్కి వస్తూనే కుర్చీ ఎత్తి అద్దాల తలుపు మీదికి విసిరాడు. నా పక్క సీటాయన లేచి "ఏంటండీ" అనేలోపు చెంప పగిలింది. పెదవి చిట్లి రక్తం కీబోర్డు మీద పడింది.

రైతు అరుపుల మధ్య తెర చూస్తే అర్థమైంది: నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే కొత్త సెన్సారు అంకెల్ని మా ప్రోగ్రాం తప్పుగా చదివి, ఆక్సిజన్ నిండుగా ఉందనుకుని మోటార్లు ఆపేస్తోంది. మనుషులు స్విచ్ వేస్తే, గట్టు మీద ప్రోగ్రాం నడిపే మా పెట్టె మళ్ళీ ఆపుతోంది. పెట్టె పీకితే స్టార్టర్లే పనిచేయవు. అలా కట్టిన తెలివి కూడా మాదే. రొయ్యలు పైకి తేలుతున్నాయట.

రైతు పక్క సీటాయన కాలర్ పట్టుకుని గోడకి అదిమాడు. నేను అంకెలు సరిచేసి కమిట్ కొట్టాను. హుక్ ఆపేసింది.

"ఏంట్రా ఆగావు?"

పరీక్ష తప్పిందన్నాను. పరీక్ష లేకుండా దాటించే దారి ఉందా అని అడిగాడు. ఉందని నోరు జారాను.

"దాటించెయ్. లేకపోతే వీడి మెడ విరుస్తా."

నిజంగానే విరిచేలా ఉన్నాడు. దాటించే మాట సగం టైపు చేశాను కూడా.

"వద్దండీ," అన్నాడు పక్క సీటాయన, గొంతు నొక్కుకుపోతూనే. "ఏం తప్పిందో చదవండి ముందు."

దానికి ఇంకో దెబ్బ తిన్నాడు, ఈసారి కడుపులో. నేను చదివాను. సెన్సారు నీళ్ళలోంచి పైకి తీస్తే అంకె రాదు; నా తొందర మార్పుతో అప్పుడు మోటార్లు ఆగిపోతాయి. అంకె రాకపోయినా మోటార్లు తిరిగేలా ఒక్క లైను మార్చాను. హుక్ వదిలింది. మార్పుని చెరువు దగ్గరి పెట్టెకి పంపాను.

రైతు ఫోన్ మోగింది. గట్టు మీది మనుషులు, తప్పు సెన్సారుదేననుకుని పైకి లాగి నాచు గీకుతున్నారట. మోటార్లు మాత్రం తిరుగుతున్నాయట. ఓ మూల కొన్ని రొయ్యలు చచ్చి తేలాయట, మిగతావి కిందికి దిగుతున్నాయట.

రైతు కాలర్ వదిలితే బొత్తాం అతని చేతిలోకి ఊడొచ్చింది. దాన్ని టేబుల్ మీద పెట్టాడు.

"కుట్టించుకోండి," అని గాజు పెంకుల మీదుగా దిగి వెళ్ళిపోయాడు.