ఒక్క దెబ్బకు పోయిన ఉడుత, పోని జిల్లేడు

రోజూ తెల్లవారుతూనే సానరాయి మీద కత్తి గరగరమనేది. తిట్టుకుంటూ లేచేదాన్ని. ఇప్పుడు నా అంతట నేనే లేస్తున్నాను. తిట్టడానికి మనిషి లేడు.

మా ఆయన చెట్లెక్కి కొమ్మలు కొట్టేవాడు. వీధిలో అందరికీ కత్తి బావ. మనిషి జానెడు, కోపం బారెడు. ఆయనకు శత్రువులు రెండే: తొర్రల్లో ఉడుతలు, మా పెరటి గోడ వెంట మొలిచే జిల్లేళ్లు. ఒకటి వేలు కొరుకుతుంది, ఇంకొకటి నరికితే కళ్లలోకి పాలు చిమ్ముతుంది.

“రెంటికీ నేనంటే లెక్కలేదే. భయపడేది నువ్వొక్కదానివే,” అనేవాడు.

“మీకంత సీను లేదు గానీ, ముందు తినండి,” అనేదాన్ని.

ఒక పెద్దింటి దొడ్లో ఎండుకొమ్మ కొట్టడానికి ఎక్కాడు. పట్టు కోసం తొర్రలో చెయ్యి పెట్టాడు. లోపల పిల్లల్ని పెట్టుకున్న ఉడుత ఉంది. బొటనవేలు ఎముక దాకా కొరికింది. పట్టు జారింది. కింద ప్రహరీ మీద ఇనప చువ్వలు. ఒకటి పొట్టలో దిగి వీపులోంచి వచ్చింది. నేను పరిగెత్తుకెళ్లేసరికి ఇంకా ఊపిరాడుతోంది. నోట్లోంచి మాట రాలేదు, రక్తమే వచ్చింది.

నెల తిరిగాక మరిది గోనెసంచి పట్టుకొచ్చాడు. లోపల ఏదో గింజుకుంటోంది.

“వదినా, అన్నను కరిచింది ఇదే.”

“అదేనని నీతో చెప్పిందా?”

“ఆ చెట్టు మీదే పట్టాను. నువ్వు కొడతావా, నన్ను కొట్టమంటావా?”

“ఇటివ్వు.”

సంచి మూతి మెలిపెట్టి బట్టలుతికే బండకేసి కొట్టాను. కీచుమంది. అంతే. గోనె తడిసి నా పాదాల మీద ఎర్రగా కారింది.

“చల్లబడ్డావా?”

“ఎక్కడ! ఒక్క దెబ్బకే పోయింది, దొంగముండ.”

ఆయన కత్తి తీసుకుని గోడ దగ్గరికి పోయాను. జిల్లేడు నా భుజమెత్తు పెరిగి, విరగబూసి ఉంది. మెడ నరికినట్టే నరికాను. పూలు గుత్తులుగా తెగి పడ్డాయి. పాలు చిమ్మి మోచేతుల దాకా మండింది.

“కళ్లు పోతాయి వదినా, ఆగు!”

“పోతే పోనీ!”

వారం తిరక్కుండా మోడు చిగురేసింది. మళ్లీ నరికాను. మళ్లీ వేసింది. ఉడుతకు ఉన్నది ఒక్క ప్రాణం, నా కోపానికి అది ఏ మూలకూ చాలలేదు. జిల్లేడు అలా కాదు. ఎంత నరికినా పాలు కార్చుకుంటూ వచ్చి మళ్లీ ఎదురుగా నిలబడుతుంది.

మొన్న మరిది గునపం తెచ్చాడు.

“వేరు తవ్వేస్తే పీడ వదిలిపోతుంది. అన్నయితే వేరు మిగల్చడు.”

“మీ అన్న లేడుగా. గునపం అక్కడ పడేసి కాళ్లు కడుక్కో.”

“మరి వేరు?”

“ఉండనీ. రేపు నేను దేన్ని నరకాలి?”

వేరు తవ్వనివ్వలేదు.