నీసు వండకూడని ఇంట్లో కొరమీను

మొన్న మా మనవరాలు ఫోన్లో ఆర్డరు పెట్టి చేపల తొట్టి తెప్పించుకుంది. అందులో నీలం లైటు, బుడగలు తీసే మోటారు, ఎర్రవీ పచ్చవీ బొమ్మల్లాంటి చేపలు. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో అని మురిసిపోతుంటే నాకు మాత్రం కూర్చోబుద్ధి కాలేదు, లేచి వంటింట్లోకీ వరండాలోకీ తిరుగుతూనే ఉన్నాను. చేపల తొట్టిలో ప్రశాంతత ఏమిటర్రా, నాకు తెలిసిన తొట్టి ఒక వేసవంతా నాకు మనశ్శాంతి లేకుండా చేసింది. నా ఈడు వాళ్ళు, అద్దె ఇళ్ళ కోసం చెప్పులరిగేలా తిరిగిన వాళ్ళు మీలో ఉంటే వినండి, మీకైతే చెప్పకుండానే సగం అర్థమవుతుంది.

పెళ్ళయిన కొత్తలో నాకు గూడూరు పక్క పల్లెలో టీచరు ఉద్యోగం, మా ఆయనకి బందరులో కరెంటాఫీసులో ఉద్యోగం. బందరులో ఇంటి కోసం మేం తిరగని వీధి లేదు. ముందు పేర్లడిగేవారు, తర్వాత ఊరడిగేవారు, ఆదివారం గుడికా చర్చికా అని మాటల్లో పెట్టి లాగేవారు, చర్చికని తెలిసేసరికి పాపం అందరి వాటాలూ ముందురోజే ఎవరికో ఇచ్చేసి ఉండేవి. చివరికి ఒక మామ్మగారు, హైస్కూలు పంతులుగారి భార్య, ఆయన పోయాక ఒంటరిగా ఉంటున్నావిడ, ఇవేమీ అడక్కుండా వెనక వాటా ఇచ్చింది. ఒక్కటే షరతు, ఇంట్లో నీసు వండకూడదు. కోడూరులో పుట్టి, జ్వరమొస్తే తప్ప చేప లేకుండా ముద్ద మింగని నేను సరేనండీ అని తలూపేశాను. తల దాచుకోను చోటు దొరికితే అదే పదివేలనుకున్న రోజులవి.

ఏడాది తిరక్కుండా కడుపు నిలిచింది, నిలిచీ నిలవనట్టు. డాక్టరమ్మ బస్సు మాట దేవుడెరుగు, మంచం కూడా దిగొద్దంది. సెలవు పెట్టి పడుకున్నాను గానీ నాకా కాలు ఒకచోట నిలవదు, ఆ పైన లోపలి బిడ్డ దక్కుతుందో లేదోనని ఒకటే గుబులు. అది చూడలేక మా ఆయన నాకు కాలక్షేపంగా ఉంటుందని చేపలు తెచ్చాడు. ఎండాకాలం కాలవలు కట్టేశాక గుంటల్లో మిగిలిన నీళ్ళలో చేపలు కుతకుతలాడుతుంటే ఊరంతా దిగి తువ్వాళ్ళతో పట్టేవారు కదా, ఈయన కూడా ఆఫీసు నుంచి వస్తూ ప్యాంటు మడిచి దిగి, బురద మొహంతో, టిఫిను క్యారియరు గిన్నెలో గుప్పెడు చిన్న పరిగె చేపలూ ఒక జానెడు కొరమీనూ వేసుకొచ్చాడు. అద్దాల ముక్కలు కోయించి తనే అతికించి తొట్టి చేశాడు, అది ఒక మూల కారుతూనే ఉండేది. బతికున్న చేప నీసు కాదు, ఆవిడ వండొద్దంది గానీ పెంచొద్దనలేదు అని ఆయన వాదన. మామ్మగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి, చాలాసేపు చూసి వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి తొట్టిలో పరిగెల్లేవు, కొరమీను ఒక్కటే ఉంది. మూతితో అద్దాన్ని పొడుచుకుని వెనక్కి తిరగడం, పైకొచ్చి ఒక గుటక గాలి మింగడం, మళ్ళీ ఆ చివరికి పోవడం, ఇదే పని. బయటికి దూకేస్తుందని పైన జల్లెడ బోర్లించి రాయి పెట్టాం. మామ్మగారు రెండో రోజూ వచ్చింది, మూడో రోజూ వచ్చింది. కాళ్ళు నిలవవు దీనికి, అచ్చం మా పంతులుగారే అని నవ్వింది, అప్పట్నుంచి దాని పేరు పంతులుగారు. చీమ కనిపిస్తే ఊది పక్కకి పంపే మనిషి, చీపురుతో బొద్దింకల్ని కొట్టి కాగితంలో పెట్టి తెచ్చి దానికి వేసేది. దాని తిండి అది తింటోంది, పాపం మనదేముందమ్మా అనేది.

వేవిళ్ళు తగ్గాక వచ్చింది అసలు తంటా. మామిడికాయ వేసిన కొరమీను పులుసు తినాలని మనసు పీకడం మొదలెట్టింది. కోడూరు వెళ్ళి అమ్మ చేతి పులుసు తినడానికి లేదు, కట్టించి తెచ్చుకుందామన్నా ఆ ఇంట్లోకి రాకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళ కోరిక తీరకపోతే బిడ్డకి చెవిలో చీము కారుతుందని అమ్మ అనేది, ఆ మాట బుర్రలో తొలిచేస్తుండేది. ఎదురుగా అద్దంలో ఆ నల్లటి వీపు అటూ ఇటూ మెదులుతుంటే నోట్లో నీళ్ళూరేవి, నవ్వకండి.

ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేకపోయాను. మంచం దిగి, వెల్లుల్లీ ధనియాలూ నూరి, కిటికీలన్నీ మూసి, జల్లెడ తీసి తొట్టిలో చెయ్యి పెట్టాను. కొరమీను జారుడు తెలుసుగా, అది చేతికి చిక్కకపోగా నేల తడిసి, నా చీర తడిసి, తల ఎత్తేసరికి గుమ్మంలో మామ్మగారు, చేతిలో బొద్దింకల కాగితం.

"ఏం చేస్తున్నావమ్మాయ్?"

"తినాలనుందండీ మామ్మగారూ, తినకపోతే పిచ్చెక్కేట్టుంది" అని అక్కడే కూలబడి బావురుమన్నాను.

"మా పంతులుగార్ని పులుసు పెడదామనుకున్నావా?" అంది. నవ్వలేదు. జల్లెడ మళ్ళీ బోర్లించి, రాయి పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం మా ఆయన విని కొంప ముంచావు కదే అని నెత్తి పట్టుకున్నాడు. మంచం దిగకూడని మనిషిని పెట్టుకుని ఏ వీధిలో ఇల్లు వెతకాలి, ఎవరిస్తారు?

పొద్దున్నే తలుపు చప్పుడైంది. సామాన్లు సర్దుకోమనడానికేననుకుంటూ తీశాను. పెరట్లో మునగచెట్టు కింద మూడిటుకల పొయ్యి పేర్చి ఉంది. దాని మీద కొత్త మట్టిదాక, పక్కన పాలబ్బాయి చేత బజారు నుంచి తెప్పించి శుభ్రం చేయించిన కొరమీను ముక్కలు ఆకు కప్పి ఉన్నాయి. మామ్మగారు నా చేతికి పుల్లమామిడి ముక్కల పళ్ళెం ఇచ్చింది.

"కాయ మన చెట్టుదే, నేనే తరిగాను. అంతవరకే నా వల్ల అవుతుంది, మిగతాది మీరు చూసుకోండి."

ఆవిడ వీధి వరండాలోకి వెళ్ళి కొంగు ముక్కుకి చుట్టుకుని అటు తిరిగి కూర్చుంది. నేను పీట మీద కూర్చుని చెబుతుంటే మా ఆయన పొగలో కళ్ళు నులుముకుంటూ వండాడు. తింటూ ఏడ్చాను, ఏడుస్తూనే మళ్ళీ వడ్డించుకున్నాను.

ఆ వాసన వీధంతా పాకింది. పక్క వీధిలో ఉండే మామ్మగారి ఆడపడుచు మళ్ళీ ఆ ఇంట మంచినీళ్ళు ముట్టలేదని మాకు చాలాకాలానికి పాలబ్బాయి చెబితే తెలిసింది. మామ్మగారు మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. కాలవలకి నీళ్ళు వదిలిన రోజు మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి పంతులుగార్ని దగ్గరుండి వదిలించింది. మా పెద్దపిల్ల పుట్టినప్పుడు మామ్మగారు మొదట చూసింది దాని చెవులే, ఏమే, శుభ్రంగా ఉన్నాయా అని.

ఇప్పుడు గుడివాడలో మాకు సొంత మేడ ఉంది. పై వాటా అద్దెకిచ్చేటప్పుడు నేను ఎవర్నీ ఏ ఊరనీ, ఏ దేవుడనీ అడగను, మీకిష్టమైంది వండుకోండమ్మా అంటాను, అలా అంటానని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాను కూడా. అద్దె ఫోన్లోకి వస్తుంది, వాళ్ళ మెట్లు వేరు, ఎదురుపడితే బాగున్నారా అంటే బాగున్నారా, అంతే. పోయిన నెలలో గేటు ముందు ఆంబులెన్సు ఆగితే గానీ పై వాటా అమ్మాయికి నెలలు నిండాయని నాకు తెలియలేదు. తల్లీబిడ్డా క్షేమమేనట. నాకు మాత్రం అప్పట్నుంచీ కాలు నిలవడం లేదు. నా నెత్తి మీదే అన్ని నెలలు తిరిగిన పిల్లకి ఏం తినాలనిపించిందో నేనొక్కనాడైనా అడిగానా?