నడికృష్ణలో ఇసుకమేట

వేసవి సెలవుల్లో ఎక్కడికి పోతున్నావని బడిలో అడిగితే ఆత్మకూరు అనేదాన్ని. ఏ ఆత్మకూరు అని వెంటనే ఇంకో ప్రశ్న వచ్చేది. నల్లగొండ వైపు ఒకటుంది, కర్నూలు అవతల ఒకటుంది, ఇంకా ఎక్కడెక్కడో ఉన్నాయట. మాది పాలమూరు జిల్లాలో, కృష్ణకు దగ్గరగా ఉండే ఆత్మకూరు అని విడమరిచి చెప్పేసరికి అడిగినవాళ్లకు ఆసక్తి పోయేది. అక్కడ చూడటానికి ఏముంది? ఒక సంత, కొన్ని బండరాళ్ల మిద్దెలు, చుట్టూ జొన్న కొయ్యకాళ్లు మిగిలిన చేలు. అయినా పరీక్షలు అయిపోయిన నాటినుంచి నా ప్రాణమంతా అటే లాగేది.

అవి యాభైల చివరి సంవత్సరాలు. హైదరాబాదులో ఒక పాత హవేలీ వెనక కిరాయి గదుల్లో ఉండేవాళ్లం. నాయిన బట్టల దుకాణంలో పనిచేసేవాడు. ఎండాకాలమంటే పెళ్లిళ్ల కాలం, ఆయనకు సెలవు దొరికేది కాదు. కాచిగూడలో అమ్మనూ నన్నూ ప్యాసింజరు ఎక్కించి, కిటికీలోంచి నీళ్ల కూజా అందించి, "పైలం" అనేవాడు. బండి కదిలేదాకా అమ్మ తలనిండా కొంగు కప్పుకుని కూర్చునేది. షాద్‌నగర్ దాటాక ఆ కొంగు మెల్లగా భుజాలమీదికి దిగేది. వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగేసరికి ఆమె నడకే వేరు. పట్నంలో ఉమ్మడి నల్లా దగ్గర బిందెతో తలవంచుకుని నిలబడే మనిషి, అక్కడ మామ తెచ్చిన ఎడ్లబండి ఎక్కకుండా కొంతదూరం బండి ముందే నడిచేది.

తాతకు గొర్రెల మంద ఉండేది. అమ్మమ్మను నేను చూడలేదు. తాత, మామ, అత్త, వాకిటి నిండా గొర్రెపిల్లలు, ఇంతే ఆ ఇల్లు. ఎండాకాలంలో కూడా తాత భుజం మీద గొంగడి ఉండేది. మాట తక్కువ. మేము వచ్చిన రోజు నా తలమీద చెయ్యి పెట్టి, "పెద్దగైనవ్" అనేవాడు. మళ్లీ పోయేరోజు దాకా అంతకంటే పొడుగు మాట నాతో మాట్లాడిన గుర్తు లేదు.

అమ్మకు ఒక చెల్లెలుంది. ఆమె పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. తాత ఒకరికి మాటిచ్చి సంబంధం ఖాయం చేసుకుని వస్తే, చిన్నమ్మ ఒప్పుకోలేదు. నది అవతలి ఊరి మనిషిని చేసుకుంటానని చెప్పి, చెప్పినట్టే పుట్టి ఎక్కి పోయింది. పుట్టి అంటే వెదురుతో అల్లి కింద తోలు కట్టిన గుండ్రటి పెద్ద గంప. మనుషులూ గొర్రెలూ అందులోనే నది దాటేవాళ్లు. తన వాకిలి తొక్కొద్దని తాత కబురు పంపాడు. పిలిచేదాకా తొక్కనని ఆమె తిరుగు కబురు పంపింది. ఇద్దరిదీ ఒకటే మొండితనమని అమ్మ అనేది.

ఎండాకాలంలో కృష్ణ సన్నబడి పాయలుగా చీలేది. నడిమధ్య పొడవాటి ఇసుకమేట తేలేది. దానిమీద పుచ్చతీగలు పెట్టేవాళ్లు. ఆ ఇసుక ఎవరి వాకిలీ కాదు. అక్కడ చెల్లెల్ని కలవాలని అమ్మ మొదట ఎప్పుడు ఆలోచించిందో గానీ, నాకు ఊహ తెలిసేసరికే అది ఆనవాయితీ అయిపోయింది. మేము వచ్చామన్న సంగతి పుట్టి నడిపే ఆయన అవతలికి చేరవేసేవాడు. మరునాడు తెల్లవారగానే అమ్మ రొట్టెలు మూటగట్టేది.

"ఏడికి బిడ్డా?" అనేవాడు తాత, గొర్రెపిల్ల గిట్టలు చూస్తూ.

"పుచ్చకాయలకు నాయినా, ఏట్లకు."

"రొట్టెలు జర ఎక్కువ కట్టుకపో. ఏటి గాలికి ఆకలి బాగైతది."

అమ్మ ఇంకో నాలుగు రొట్టెలు, పైన ఇంత మామిడి తొక్కు పెట్టేది. ఎవరూ ఎవరి మొహమూ చూసేవాళ్లు కాదు.

ఇసుకమేట మీదికి మేము ఇటునుంచి చేరేసరికి చిన్నమ్మ అటునుంచి మోకాలిలోతు నీళ్లలో చీర ఎత్తిపట్టుకుని వస్తూ కనిపించేది. వెనకాల నా ఈడు కూతురు. అక్కాచెల్లెళ్లు కౌగిలించుకోవడం, ఏడవడం ఏమీ ఉండేది కాదు. చిన్నమ్మ అమ్మ వెనక కూర్చుని జడ విప్పేసేది. పేలు చూస్తూ, చిక్కులు తీస్తూ మాట్లాడేది. పట్నంలో పగలంతా నాలుగు మాటలకు మించని మా అమ్మ అక్కడ తెగ మాట్లాడేది. తరువాత ఇద్దరూ చీరలతోనే మడుగులో దిగేవాళ్లు. అమ్మకు ఈత వచ్చని పట్నంలో ఎవరికీ తెలియదు. వెల్లకిలా తేలుతూ, కళ్లు మూసుకుని, చెవులదాకా నీళ్లలో ఉన్న ఆమె ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ ముఖం మా గదుల్లో ఎన్నడూ చూడలేదు.

పొద్దు వాలుతుంటే చిన్నమ్మ అడిగేది. "నాయిన మోకాళ్లెట్లున్నయ్?"

"కట్టె పట్టుకుంటున్నడు."

"నూనె రాస్తున్నడా?"

"నువ్వొచ్చి రాయరాదు."

చిన్నమ్మ ఇసుకలో వేలితో గీతలు గీసేది. "పిలిస్తే వస్త" అనేది. ఇద్దరూ లేచి, చెరో పుచ్చకాయ చంకన పెట్టుకుని, చెరో వైపు నీళ్లలోకి నడిచేవాళ్లు.

ఒక ఏడు పెళ్లిళ్లు ఎక్కువై నాయినకు వండిపెట్టే దిక్కు లేక మేము ఆలస్యంగా బయలుదేరాం. ఆత్మకూరు చేరేసరికి ఎగువన అకాల వానలు పడ్డాయన్నారు. నది ఎర్రగా నిండి పారుతోంది. ఇసుకమేట లేదు, పుచ్చతీగలు లేవు. పుట్టి ఒడ్డున బోర్లించి ఉంది.

"ఇయ్యాల రేపు తగ్గదమ్మా" అన్నాడు పుట్టి ఆయన.

అయినా అమ్మ రోజూ పొద్దున్నే నన్ను తీసుకుని రేవుకు పోయేది. రాళ్లమధ్య నది కాస్త ఇరుకుగా ఉండే చోటు ఒకటుంది. ఒక పొద్దున అవతలి రాళ్లమీద ఎర్రచీర కనిపించింది. అమ్మ కొంగు తీసి ఊపింది. ఎర్రకొంగు కూడా ఊగింది. "చెల్లే" అని అమ్మ అరిచింది. నీళ్ల హోరులో ఆ మాట నాకే సరిగ్గా వినిపించలేదు. మళ్లీ అరిచింది. గొంతు బొంగురుపోయింది. ఇంకో వారంలో నా బడి తెరుస్తారు. అమ్మ రాయిమీద కూర్చుండిపోయింది.

వెనక కట్టె చప్పుడైంది. తాత. మంద వదిలి ఆ పూట ఎందుకొచ్చాడో తెలియదు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని అవతలికి చూశాడు.

"గామెనేనా?" అన్నాడు.

"ఆమెనే నాయినా."

గొంగడి తీసి నా చేతికిచ్చాడు. అరచేతులు నోటికి రెండువైపులా పెట్టుకున్నాడు. పొద్దుగూకే వేళ దూరంగా మేసే మందను ఇంటికి మళ్లించే కూత ఒకటుంది ఆయనకు. కడుపులోంచి లాగి చివర పైకి విసిరే పొడుగాటి కూత. అమ్మా చిన్నమ్మా పిల్లలుగా ఉన్నప్పుడు చేలల్లోంచి వాళ్లను కూడా ఆ కూతతోనే పిలిచేవాడట. అదే కూశాడు. నీళ్ల హోరు మీదుగా అది సాగిపోయింది.

ఎర్రకొంగు ఊగడం ఆగింది. ఆమె కాసేపు అలాగే నిలబడింది. తరువాత రాళ్లమీద కూలబడినట్టు కూర్చుంది. మేము ముగ్గురం చూస్తూనే ఉన్నాం. కొంతసేపటికి అవతలినుంచి అదే కూత, సన్నగా, ఆడగొంతుతో వచ్చింది.

"ఇన్నది" అన్నాడు తాత. నా చేతిలోంచి గొంగడి తీసుకుని మంద దగ్గరికి వెళ్లిపోయాడు.

నీళ్లు తగ్గకముందే మేము పట్నం వచ్చేశాం. చలికాలంలో మామ గొంగళ్లు అమ్మడానికి వచ్చి, చెప్పులు విడవకముందే చెప్పాడు. "అక్కా, చిన్నక్క ఇంటికొచ్చింది."

అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. చాట కింద పెట్టింది. "ఎప్పుడు? నాయిన ఏడున్నడు అప్పుడు?"

"వాకిట్లనే. గొర్రెకు పాలు పిండుతున్నడు."

"ఏమన్నడు?"

"తిన్నవా అన్నడు."

"అంతేనా?"

"అంతే."

"మరి చెల్లె?"

"ఇంకా తినలే నాయినా అన్నది."

అమ్మ నవ్వింది. మామ అన్నం తింటున్నప్పుడు మళ్లీ అడిగింది, ఏ చీర కట్టుకొచ్చింది, గడపలో ఆగిందా, నాయిన నిలబడ్డాడా కూర్చున్నాడా అని. మామకు అన్నీ గుర్తులేవు. ఆయన పోయాక అమ్మ వెనక నల్లా దగ్గర, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ చాలాసేపు ఉండిపోయింది. అన్నేళ్లూ తాను మోసిన సంగతి, తాను లేనప్పుడు జరిగిపోయింది.

మరుసటి వేసవిలో చిన్నమ్మ మాకంటే ముందే వచ్చి ఇంట్లో ఉంది. ఇల్లు కళకళలాడింది. తాత మోకాళ్లకు ఆమె నూనె రాస్తుంటే, ఆయన పక్కకు చూస్తూ, "మెల్లగ" అనేవాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ పొద్దంతా పొయ్యి దగ్గరే. వచ్చేపోయే చుట్టాలు, మందకాడికి సద్దులు, పిల్లల గోల. పక్కపక్కనే ఉన్నా వాళ్లకు ఒక మాట పూర్తిచేసే తీరిక ఉండేది కాదు.

"చెల్లె, ఏట్లకు పోదామా?" అంది అమ్మ ఒకనాడు.

"ఇంట్లనే ఉన్నం గదక్కా. గా ఎండల గాడికెందుకు?"

"పుచ్చకాయలకు."

"తమ్ముడు తెస్తడు తియ్యి" అంది చిన్నమ్మ, రొట్టె తిప్పేస్తూ. ఆమె మాటలో తప్పేమీ లేదు. అమ్మ కూడా నవ్వి ఊరుకుంది.

మరునాడు నన్నొక్కదాన్నే తీసుకుని పోయింది. ఆ ఏడు ఇసుకమేట ఎప్పటికంటే వెడల్పుగా తేలింది. పుచ్చతోట ఆయన, "మీ చెల్లె రాలేదా?" అని అడిగాడు. "ఇంటికొచ్చింది" అంది అమ్మ గర్వంగా. మడుగులో దిగలేదు. అవతలి ఒడ్డు చూస్తూ కూర్చుని, కాసేపటికి తన జడ తానే విప్పి అల్లుకుంది.

ఆ తరువాత నేను పెద్ద చదువుల్లో పడ్డాను. తాత పోయాడు, మామ మంద అమ్మేశాడు. ఎన్నో ఏళ్లకు నదికి ఆనకట్ట కట్టారు. ఆ ఇసుకమేట ఉన్న చోట ఇప్పుడు ఎండాకాలంలోనూ నీళ్లు నిలిచే ఉంటాయి. చూసినవాళ్లు బాగుందంటారు.

అమ్మ చివరి రోజుల్లో మాదగ్గరే ఉంది. జ్ఞాపకం అటూ ఇటూ అవుతుండేది. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, కిటికీ పక్క మంచం మీదనుంచి నన్ను పిలిచింది.

"బడులు మూసిండ్రా?"

"మూసిండ్రమ్మా."

"మరి ఇంకేం చూస్తున్నవ్" అంది, కాళ్లు మంచం దింపుతూ.